పాత కార్ల నడక, నడత

గుంటూరు నగరంలో బ్రాడీపేటకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఆంగ్లేయ అధికారుల పేర్లను నేటికీ మోస్తున్న బ్రాడీపేట, అరండల్‌పేటలు పక్కపక్కనే నిలువు లైన్లతో, అడ్డరోడ్లతో చదరంగపు గళ్ళవలె అమరి ఉంటాయి. ఇక్కడి చిరునామాలో 4/14 అని ఉంటే నాలుగవ లైను, పద్నాలుగవ అడ్డరోడ్డు అని అర్థం. 1946లో గుంటూరు వైద్య కళాశాల ఏర్పడింది. వైద్యులు, న్యాయవాదులు, పొగాకు, మిరప, పత్తి వ్యాపారులు నివసించే ఈ వీధులలో కారు గల ఇండ్లు పూర్వం నుంచీ ఉన్నాయి. ఒకప్పుడు ఉదయం వేళ ఆ వీధులలో వినిపించే ధ్వనులలో పాలవాని సైకిలు గంట ఒకటి, స్టార్టు కాని కారు మూలుగు మరొకటి.

నేటి యువతీయువకులకు కారు అంటే తాళం తిప్పగానే, లేదా మీట నొక్కగానే కదిలే యంత్రం. వారి తాతల కాలంలో కారు అంతటి విధేయురాలు కాదు. దానిని నడపడానికి డ్రైవింగు వస్తే చాలదు. దాని గుణం తెలియాలి. వేసవిలో ఎక్కడ అలుగుతుందో, వానలో ఎందుకు మొరాయిస్తుందో, ఏ గేరు దగ్గర బుజ్జగించాలో ఎరిగిన వానికే అది లొంగేది. ఈ అలకలన్నింటికీ కారణాలు ఉన్నాయి. కొన్ని యంత్ర నిర్మాణంలోనివి, కొన్ని ఈ నేలలోనివి, కొన్ని దేశ ఆర్థిక విధానంలోనివి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సుమారు మూడు దశాబ్దాలకు పైగా భారతదేశంలో కారు కొనదలచిన వాని ముందు ఉన్నవి ముఖ్యంగా మూడే మార్గాలు. మొదటిది అంబాసిడర్. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారం చేసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1957 నుంచి దీనిని తయారుచేసింది. రెండవది బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసిన ఫియట్. ఇటలీ నమూనాతో 1964లో వెలువడిన ఫియట్ 1100 కారే దరిమిలా ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొన్నది. పేరు మారినా జనం నోట అది ఫియట్‌గానే నిలిచింది. మూడవది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. దీని మూలం బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్. మూడూ ఐరోపాలో పుట్టినవే. అక్కడి చల్లని వాతావరణానికి, నున్నని రోడ్లకు అనుగుణంగా రూపొందిన యంత్రాలు మిరప కళ్ళాల నడుమకు, రేగడి నేలల మీదకు వచ్చిపడ్డాయి.

ఈ కార్లకు ఉదయం నిద్ర లేపడమే ఒక తతంగం. ఇంజనుకు కావలసిన గాలిని, పెట్రోలును తగిన పాళ్ళలో కలిపి అందించే సాధనాన్ని కార్బ్యురేటర్ అంటారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కాబట్టి గాలిపాలు తగ్గించి పెట్రోలుపాలు పెంచాలి. అందుకు చోక్ అనే మీటను లాగేవారు. చాలినంత లాగకపోతే ఇంజను అందుకోదు. ఎక్కువ లాగితే పెట్రోలు పొంగి స్పార్కు ప్లగ్గులు తడిసిపోతాయి. అప్పుడు కాసేపు వేచి ఉండక తప్పదు. ఎంత లాగాలో ఏ పుస్తకమూ చెప్పదు. ఆ కారుకు ఆ రోజున ఎంత కావాలో యజమాని చేతికే తెలుస్తుంది.

బ్యాటరీ నీరసించిన రోజున ముందు భాగంలో హ్యాండిలు దూర్చి ఇంజనును చేతితో తిప్పవలసి వచ్చేది. ఈ పనిలో ఒక ప్రమాదమున్నది. నిప్పురవ్వ వేళ తప్పి ముందుగా పడితే ఇంజను ఎదురు తిరిగి హ్యాండిలును వెనుకకు విసురుతుంది. బొటనవేలిని హ్యాండిలుకు అవతలి వైపున చుట్టి పట్టుకొన్న వాని వేలో, మణికట్టో విరిగేది. అందుచేత అనుభవజ్ఞులు బొటనవేలిని తక్కిన వేళ్ళ పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగమని చెప్పేవారు. హ్యాండిలు కూడా ఫలించకపోతే మిగిలినది ఇరుగుపొరుగుల సాయం. నలుగురు వెనుక నుంచి తోయగా కారు కదలడం నాడు ఎవరికీ చిన్నతనమనిపించలేదు.

అయితే గుంటూరు ప్రాంతంలో పాత కారుకు అసలు శత్రువు వేసవి. పల్నాటిలోని రెంటచింతల తెలుగు నేలలో మిక్కిలి వేడిగల ఊళ్ళలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటడం కొత్త కాదు. పాత కార్లలో రేడియేటరు వెనుక ఉండే ఫ్యాను ఇంజనుతో పాటు బెల్టు ద్వారా తిరుగుతుంది. ఇంజను వేగంగా తిరిగితే ఫ్యాను కూడా వేగంగా తిరుగుతుంది. మందగిస్తే మందగిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. రైలు గేటు దగ్గరనో, మిరప లారీల వరుస వెనుకనో ఆగినప్పుడు కారుకు ఎదురుగాలి ఉండదు. ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే అది తక్కువగా అందుతుంది. కొద్దిసేపటికి బానెట్టు సందుల నుంచి ఆవిరి ఎగజిమ్మేది.

ఆ క్షణంలో తొందరపడి రేడియేటరు మూత తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండటం వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి తొలగి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. మండే ఇంజనులో చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము బీటలు వారే ప్రమాదమూ ఉన్నది. అరగంట చెట్టు నీడన కూర్చొని, ఆ తరువాత గుడ్డ కప్పి మూత కొద్దికొద్దిగా సడలించడమే సరైన పద్ధతి. దూర ప్రయాణాలలో డిక్కీలో నీళ్ళ డబ్బా ఉంచుకోవడం నాటి గృహస్థుల జాగ్రత్తలలో ఒకటి. మార్కాపురం మీదుగా దోర్నాల దాటి శ్రీశైలం కొండదారి ఎక్కేవారికి ఆ డబ్బా ప్రయాణపు సామానులో మొదటి వస్తువు.

రేడియేటరులో ఏ నీరు పోస్తున్నారనేది కూడా ముఖ్యమే. పల్నాడు సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతాలలో సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాలు నెలకొన్నది అందువల్లనే. అటువంటి చోట్ల బావి నీటిలో సున్నపు లవణాలు అధికం. వంటింట్లో నీళ్ళు కాచే పాత్రకు అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే రేడియేటరు గొట్టాలలోనూ, ఇంజను చుట్టూ ఉండే నీటి దారులలోనూ పెచ్చు కడుతుంది. అది వేడిని సరిగా దాటనీయదు. ఏటేటా పెచ్చు మందమై ఏటేటా కారు త్వరగా వేడెక్కుతుంది. దీనికి సులువైన విరుగుడుగా కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్‌నే తీసివేసేవారు. ఇంజను తగినంత వేడెక్కే దాకా నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపే చిన్న ద్వారమది. దానిని తీసివేస్తే నీరు నిరంతరం ప్రవహిస్తుంది. వేసవిలో కొంత ఉపశమనమే. కాని శీతాకాలపు ఉదయాన ఇంజను ఎంతకూ వేడెక్కక పెట్రోలు అధికంగా తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. జబ్బును వదిలి జ్వరానికి మందు వేయడం వంటిదే ఆ వైద్యం.

వేసవిలో కనిపించే మరొక వింత ఉన్నది. ఇంజను మరగదు, ఆవిరి రాదు, ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉంటుంది. అయినా కారు దగ్గి దగ్గి ఆగిపోతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీల దగ్గరనే మరగడం ప్రారంభిస్తాయి. పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకు ఆనుకొని ఉండటం వల్ల ఆ వేడికి గొట్టంలోని పెట్రోలు బుడగలుగా మారుతుంది. ద్రవాన్ని లాగడానికి చేసిన పంపు ఆవిరిని లాగలేదు. దీనినే వేపర్ లాక్ అంటారు. ఇందుకు డ్రైవర్లు కనిపెట్టిన చికిత్స అతి సామాన్యమైనది. పంపు చుట్టూ తడిగుడ్డ చుట్టడమే. గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపులోని వేడిని లాగుకొంటుంది, బుడగలు మళ్ళీ ద్రవమవుతాయి. వేసవిలో కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తున్నది. భౌతిక శాస్త్రం చదవని డ్రైవరు ఆ సూత్రాన్ని నడిరోడ్డు మీద ప్రయోగించాడు.

వర్షాకాలపు అలకలు వేరు. స్పార్కు ప్లగ్గులకు విద్యుత్తును వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరితే నిప్పురవ్వ దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే తప్ప కారు కదలదు. ఆ మూత కిందనే ఉండే కాంటాక్టు పాయింట్లు నిమిషానికి వేలసార్లు తెరుచుకొని మూసుకొంటూ ఉంటాయి. వాటి నడుమ ఎడం అర మిల్లీమీటరుకు లోపే. అరిగి ఆ ఎడం మారినా, మసి పట్టినా ఇంజను బలం తగ్గుతుంది. చిన్న ఉప్పుకాగితపు ముక్కతో వాటిని రుద్ది సరిచేయడం తెలియని కారు యజమాని ఆ రోజుల్లో పక్క ఊరికి పోవడానికి కూడా వెనుదీసేవాడు.

రాత్రి ప్రయాణంలో డైనమో బాధ తోడయ్యేది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో నుంచి వచ్చే విద్యుత్తు నామమాత్రం. దీపాలు బ్యాటరీ మీదనే ఆధారపడతాయి. కారు ఆగినప్పుడల్లా దీపాలు కునికిపాట్లు పడతాయి. పల్లెలో ప్రసవవేదన పడుతున్న స్త్రీ కోసం కబురు రాగా అర్ధరాత్రి బయలుదేరే వైద్యునికి ఇది పరిహాసం కాదు. కారు కదులుతుందా, మధ్యదారిలో ఆగుతుందా అన్నది ఒక ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. పాత కార్ల ముచ్చట్లు చెప్పుకొని నవ్వుకొనే వారు ఈ సంగతిని సాధారణంగా మరచిపోతారు.

ఇక రోడ్ల సంగతి. ఈ ప్రాంతంలో పత్తిని పండించే నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఏటా పైకి లేచి కిందికి కుంగి అలలు తేలుతుంది. అంబాసిడర్ ఈ దేశంలో అంతకాలం బ్రతకడానికి ముఖ్య కారణం దాని వెనుక చక్రాల మీది పట్టీల స్ప్రింగులు, దిట్టమైన ఉక్కు శరీరం. పట్టీ విరిగినా ఊరి కమ్మరి చేత అతికించుకొని ఇల్లు చేరవచ్చు. హెరాల్డ్‌కు ఆ సహనం లేదు. వేగంగా మలుపు తిరిగితే దాని వెనుక చక్రం లోపలికి మడిచినట్లయ్యేది. అయితే దానిలో ఒక సుగుణం ఉన్నది. రెక్కలతో సహా ముందు భాగమంతా ఒక్కటిగా ముందుకు తెరుచుకొనేది. మెకానిక్కు టైరు మీద కూర్చొని హాయిగా పనిచేసుకొనేవాడు. తరచుగా మరమ్మతు చేయవలసిన కారుకు ఇంతకంటె ఉపకారమేమున్నది!

అంబాసిడర్, ఫియట్‌లలో గేరు మీట స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటులో ముగ్గురు కూర్చోవడానికి అది అనువైన ఏర్పాటు. కాని మీటకూ గేరు పెట్టెకూ నడుమ ఉన్న కడ్డీలు, వాటి కీళ్ళు అరిగితే గేరు ఎక్కడో ఒకచోట చిక్కుకొంటుంది. అప్పుడు డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, చేతితో కడ్డీని కదిపి, మూసి, మళ్ళీ వచ్చి కూర్చొనేవాడు. నాలుగు వీధుల కూడలిలో ఇది జరిగితే వెనుక రిక్షావారి వ్యాఖ్యానాలు వినక తప్పదు.

ఇన్ని లోపాలు తెలిసీ తయారీదారులు ఎందుకు సరిదిద్దలేదన్న ప్రశ్న సహజం. ఇది యంత్రం మీద కాక, అది పుట్టిన వ్యవస్థ మీద వేయవలసిన ప్రశ్న. 1950వ దశకం మొదట్లో ప్రభుత్వం విడిభాగాలను తెచ్చి ఇక్కడ కూర్చే విధానాన్ని నిరుత్సాహపరచి, దేశంలోనే తయారుచేసే వారికి మాత్రమే అవకాశమిచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి సంస్థలు నిష్క్రమించాయి. ఉత్పత్తి పరిమాణానికి లైసెన్సు, దిగుమతులకు ఆంక్ష. స్వదేశీ పరిశ్రమ నిలదొక్కుకోవాలన్న ఉద్దేశం మంచిదే. ఫలితంగా ఏర్పడినది మాత్రం కొనేవారి బారు. డబ్బు కట్టి కారు కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసేవారు. చేతికి వచ్చిన కారును వెంటనే మారు బేరానికి పెడితే కొత్త ధరకంటె ఎక్కువ పలికేది. ఎంత చేసినా అమ్ముడుపోయే వస్తువుకు మెరుగులు దిద్దే తొందర ఎవరికి ఉంటుంది? దీపాలు, ముందు జాలీ మారుతూ మార్కు రెండు, మార్కు మూడు, మార్కు నాలుగు వచ్చాయి. మూల శరీరం 1950ల నాటిదే.

ఇది ఒక్క భారతదేశపు కథ కాదు. తూర్పు జర్మనీలో ట్రబాంట్ అనే చిన్న కారు కోసం ప్రజలు పదేండ్లకు పైగా వేచి ఉండేవారు. దాని శరీరపు పై పలకలు ఉక్కువి కావు. పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన డ్యూరోప్లాస్ట్. పత్తి పండించే గుంటూరు సీమ వారికి ఈ సంగతి వినోదం కలిగించక మానదు. పెట్రోలు ఎంత ఉన్నదో చూపే ముల్లు కూడా ఎన్నో ట్రబాంట్లలో లేదు. పుల్ల ముంచి చూసుకోవలసిందే. 1990లో రెండు జర్మనీలు ఏకమై కొనేవారికి ఎంపిక దొరికిన వెంటనే ఆ కారు గిరాకీ కూలిపోయింది. 1991లో ఉత్పత్తి ముగిసింది. క్యూబాలో మరొక తీరు. అమెరికా ఆంక్షల వల్ల కొత్త కార్లు కరవై, 1950ల నాటి అమెరికా కార్లలో ఇతర దేశాల ఇంజనులు బిగించి నడుపుకొన్నారు.

విడిభాగాల కొరత ఇక్కడా ఒక విద్యను పెంచింది. బెజవాడ ఆటోనగర్‌లో దొరకని భాగం లేదనే నానుడి ఊరికే పుట్టలేదు. కాలం చెల్లిన కార్లను విప్పి, పనికివచ్చే భాగాలను వేరుచేసి అమ్మే దుకాణాలు, లేత్ యంత్రం మీద కొత్త భాగాన్ని చెక్కి ఇచ్చే పనివారు అక్కడ ఉన్నారు. గుంటూరు మెకానిక్కు చీటీ రాసి ఇస్తే యజమాని బస్సెక్కి ముప్పై కిలోమీటర్లకు పైగా పోయి తెచ్చుకొనేవాడు. తెచ్చినది అసలుదా, నకిలీదా అన్న శంక ఎప్పుడూ ఉండేది. నకిలీ భాగం చవక. కాని మూడు నెలలకే మళ్ళీ అదే చీటీ.

ఈ విద్యకు బడి లేదు. పదేండ్ల పిల్లవాడు గ్యారేజీలో పానాలు అందిస్తూ చేరి, తిట్లు తింటూ నేర్చుకొనేవాడు. ఇంజను చప్పుడు విని వాల్వులు వదులయ్యాయా, బేరింగు అరిగిందా చెప్పగల నేర్పు అలా వచ్చినదే. దానిని మెచ్చుకోవలసిందే. అయితే ఆ నేర్పు వెనుక చదువుకు దూరమైన బాల్యాలు ఎన్నో ఉన్నాయన్నది కూడా నిజమే.

1983 డిసెంబరులో మారుతి 800 వెలువడింది. జపాన్ పరిజ్ఞానంతో వచ్చిన ఆ చిన్న కారు తాళం తిప్పగానే కదిలింది, ఎండలో నిలిచింది. కారు అంటే ఇంతగా కష్టపడనక్కరలేదని కొనేవారికి మొదటిసారి తెలిసింది. అప్పటి దాకా సహనమని అనుకొన్నది నిజానికి గత్యంతరం లేకపోవడమేనని కూడా తెలిసింది. పద్మిని ఉత్పత్తి 2001 నాటికి ముగిసింది. అంబాసిడర్ ప్రభుత్వ కార్యాలయాల, టాక్సీల ఆదరణతో 2014 మే వరకు కొనసాగింది.

అప్పటికి మిగిలిన పాత కార్లకు కొత్త చిక్కులు ఇంధనం రూపంలో వచ్చాయి. వెనుకటి పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపేవారు. అది ఇంజను వాల్వులు ఆనుకొనే అంచులకు మెత్తని పూతగా ఉపకరించేది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది కనుక 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా దానిని మాన్పించారు. నిర్ణయం అవసరమైనది. కాని ఆ పూత కరవైన పాత ఇంజనులలో వాల్వు అంచులు త్వరగా అరగసాగాయి. గట్టి లోహపు రింగులు బిగించుకొన్నవారు గట్టెక్కారు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని పొర, కార్బ్యురేటర్‌లోని వాషర్లు ఇథనాల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఇంజను పక్కన పెట్రోలు కారడమంటే నిప్పుతో చెలగాటమే. కనుక అటువంటి కారును ఉంచుకొన్నవారు ముందుగా మార్చవలసినవి ఆ గొట్టాలు.

చట్టమూ మారింది. కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీ జరిపించి అయిదేండ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు. యాబై ఏండ్లు దాటి, మూల రూపం చెడని వాటికి 2021లో వింటేజి వాహనాల నిబంధనలు వచ్చాయి. వాటిని ప్రదర్శనలకు తీసుకుపోవచ్చు గాని నిత్యం వాడరాదు. ఈ కట్టుబాట్లను పాత కార్ల ప్రియులు కఠినమని భావిస్తారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. కాని పొగను శుద్ధి చేసే సాధనం, సీటు బెల్టు లేని కారు, ఢీకొన్నప్పుడు ముడుచుకోని స్టీరింగు కడ్డీ నేరుగా డ్రైవరు రొమ్ముకు ఎదురుగా నిలిచే కారు నేటి రద్దీలో తిరగడం మమకారంతో మాత్రమే తేల్చవలసిన విషయం కాదు.

విజయదశమి నాడు ఇప్పటికీ కొన్ని ఇండ్లలో అటువంటి కారును షెడ్డు నుంచి బయటకు తెచ్చి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. బానెట్టుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి వీధి చివరి దాకా నడిపి తెస్తారు. ఏడాదిలో తక్కిన రోజులు అది కదలకపోవడమే దానికి పెద్ద కీడు. రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది, ట్యాంకులో తుప్పు, నిలువ పెట్రోలులో జిగురు చేరి కార్బ్యురేటర్ రంధ్రాలు పూడుతాయి. బాగుచేయించాలంటే చెవితో రోగం పట్టే ముదుసలి మెకానిక్కులు తగ్గిపోయారు. కొత్త తరం మెకానిక్కు స్కానరును కారుకు తగిలించి, తెర మీద కనిపించిన సంకేతాన్ని బట్టి భాగం మారుస్తాడు. అంబాసిడర్ బానెట్టు ఎత్తి అతడు మొదట వెతికేది స్కానరు తగిలించే చోటు. 1957 నాటి నమూనాలో అటువంటి చోటు లేదు.